ఉప్పు ముట్టని పరుగు

యుగేందర్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. డిటెక్టివ్ పనిలో వాడి చేత ఓనమాలు దిద్దించింది నేనే. ఇవాళ వాడికి హనుమకొండలో అద్దాల ఆఫీసు, తెల్ల కారు, రెండు లక్షల మంది చూసే యూట్యూబ్ చానల్ ఉన్నాయి. నాకు జనగామ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు పైన ఒక గది, కిక్ కొడితే దగ్గే బైకు ఉన్నాయి. వాడంటే నాకు కుళ్ళు. తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందట, ఎదుటివాడికి ఉందని ఏడిస్తే రెండోదీ పోయిందట. నాకు రెండూ ఎప్పుడో పోయాయి. అయినా కేసులు పట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఉదయం జనగామలోనే ఉన్న మొండయ్య పరుగు కోచింగ్ క్యాంపు గేటు ముందు వాడి కారు కనబడగానే నా కుళ్ళు మళ్ళీ లేచింది. ఎందుకంటే కేసు నాది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి తుల్సీబాయి వచ్చి, నా గది మెట్ల మీద కూర్చొని, "నా బిడ్డ ఏ మందూ తినలే సారూ, నువ్వే తేల్చాలె" అని నాకు అప్పజెప్పిన కేసు. మునుపు వాళ్ళ తండాలో బోరు మోటార్లు ఎత్తుకుపోయిన దొంగను పట్టించాను. ఆ గురితో వచ్చింది.

ఆమె చిన్న కూతురు అఖిల ఎనిమిది వందల మీటర్ల పరుగు పిల్ల. ఏడాదిగా ఈ మొండయ్య క్యాంపులోనే ఉండి తయారైంది. శ్రావణంలో హనుమకొండలో జరిగిన రాష్ట్ర ఎంపిక పోటీల్లో మొదట వచ్చింది. ఇంత చిన్న పోటీకి ఎన్నడూ రాని ఢిల్లీ పరీక్షవాళ్ళు ఎందుకో ఆరోజే ఊడిపడి, గెలిచిన పిల్ల మూత్రం పట్టుకుపోయారు. అందులో కండలు పెంచే మందు, స్టానొజొలాల్, బయటపడింది. రేపు పదకొండింటికి హైదరాబాద్‌లో విచారణ. అక్కడి నియమం వినడానికి సులువు, తట్టుకోవడానికి కష్టం. మందు నీ ఒంట్లో దొరికింది కాబట్టి అది ఎట్లా వచ్చిందో నువ్వే చూపించాలి. చూపించలేకపోతే నాలుగేళ్ళు పరుగు బంద్. రైల్వేలో చేతికందబోతున్న ఉద్యోగమూ పోతుంది. నాకు తెలియదు అంటే అక్కడ జవాబు కింద లెక్క కాదు.

కోచ్ మొండయ్య తన క్యాంపు పేరు కాపాడుకోవడానికి యుగేందర్‌ను పెట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్ళేసరికి వాడు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"కేసు అయిపోయిందన్నా. కూసో, చాయ్ తాగు" అన్నాడు.

వాడు చెప్పింది ఇదీ. క్యాంపులో రోజూ సాయంత్రం ఒక్కో పిల్లకు ఒక్కో సీసాలో ఉప్పు, నిమ్మకాయ కలిపిన నీళ్ళు పెడతారు. పోటీ ముందురోజు సాయంత్రం సింధూజ అనే పిల్ల అఖిల సీసా మూత తీస్తుండగా అఖిలతో ఒకే గదిలో ఉండే భావన చూసింది. సింధూజది భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లి. ఏడాదిగా ప్రతి పోటీలో అఖిల వెనక రెండో స్థానం. ఆ పోటీ అయ్యాక క్యాంపు వదిలి ఇంటికి పోయింది. యుగేందర్ నిన్న మొగుళ్లపల్లి వెళ్ళి ఆ పిల్లను గంటసేపు కూర్చోబెట్టాడు. మూత తీసిన మాట నిజమేనని ఆమె ఒప్పుకుంది. సారు అఖిల సీసాలో ఏమైనా ప్రత్యేకంగా కలుపుతున్నాడేమో వాసన చూద్దామని తీశానంది. మందు మాత్రం కలపలేదని ఏడ్చింది.

"ఏడ్వక మరి ఒప్పుకుంటదా? రేపు విచారణల ఇదే చెప్తం. సాయంత్రం వీడియో పెడుత" అన్నాడు వాడు. "నీ తుల్సీబాయి బిడ్డే బయటపడుతది. నువ్వు సంతోషపడాలె."

నిజమే, సంతోషపడాలి. నా కక్షిదారు బయటపడుతుంది. కానీ వాడి నోటి నుంచి ఆ మాట వినగానే చాయ్ సగంలోనే వదిలేశాను. వాడి కథలో ఎక్కడో ఒకచోట కన్నం ఉండాలి, ఆ కన్నం నేనే చూపించాలి అన్న పట్టుదలతో లేచాను. న్యాయం కోసం లేచానని చెప్పుకుంటే నా బైకు కూడా నవ్వుతుంది.

ఆడపిల్లల గది వరండాలో ఒక అరుగు ఉంది. సీసాలు పెట్టేది దాని మీదే. పైన రేకుల కప్పు, వాన పడదు. గోడ వెంట పాత పెయింటు బకెట్లలో వంటామె యాకమ్మ పుదీనా వేసుకుంది. అన్ని బకెట్లలో గుబురుగా ఉంది. ఒక్క బకెట్లో మాత్రం నల్లగా మాడిన కాడలు మిగిలాయి. అది అఖిల మంచం పక్క కిటికీ కింద ఉన్న బకెట్. యాకమ్మను అడిగితే, శ్రావణంలో ఉన్నట్టుండి చచ్చిపోయిందని, మళ్ళీ నాటినా వేరు పట్టలేదని, ఎవరి కళ్ళు పడ్డాయోనని తిట్టింది. వంగి చూశాను. మట్టి మీద తెల్లటి పొర పేరుకుని ఉంది. గోరుతో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

అక్కడితో నేను నోరు మూసుకొని బైకెక్కి ఉండాల్సింది. మూసుకోలేదు. మొండయ్యనూ యుగేందర్‌నూ వరండాలోకి పిలిచి, మట్టి చేతిలోకి తీసి చూపించాను.

"ఆ దినాలల్ల అఖిల ఉప్పునీళ్ళు తాగనే లేదు. కిటికీలకెల్లి ఈ బకెట్ల పారబోసింది. సింధూజ ఆ సీసాల ఏం కలిపినా సచ్చేది పుదీనే, దొరికేది పుదీనే."

యుగేందర్ ముఖం అప్పుడు చూడాలి. నాకు పది రోజుల జ్వరం దిగినట్టయింది. మొండయ్య మాత్రం టోపీ తీసి, తల నిమురుకుంటూ ఆ మట్టినే చాలాసేపు చూశాడు. అరవై దాటిన మనిషి. ఈ జిల్లాలో పరుగు పిల్లలను తయారుచేసేవాడంటే ఆయన పేరే చెబుతారు.

"మరి ఒంట్లకు ఎట్లొచ్చినట్టు సంజీవా? ఇప్పుడు ఎటు పోతవు?" అని మెల్లగా అడిగాడు.

తండాకు పోతున్నానని, సాయంత్రానికల్లా తేలుస్తానని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు దాకా యుగేందర్ నా వెంట వచ్చాడు. వాడి గొంతులో ఇప్పుడు చాయ్ పోసే మర్యాద లేదు.

"రేపటికి నీ కాడ ఇంకో జవాబు ఉన్నదా అన్నా? లేదు గద. ఉన్న ఒక్కటి చెడగొట్టినవ్."

"నీ జవాబు తప్పు."

"తప్పో ఒప్పో, అఖిల బతికేది."

"సింధూజ సచ్చేది" అన్నాను. వాడు కారు తలుపు కొట్టినట్టు వేశాడు. మాట సరైనదే. చెప్పిన మనిషే అంత సరైనవాడు కాదు.

పాలకుర్తి, తొర్రూరు దాటి తండా చేరేసరికి పన్నెండు దాటింది. అఖిల ఇంటి ముందు చెప్పులు లేకుండా నిలబడి, పట్టా మీద ఆరబోసిన మిర్చిని పారతో తిరగేస్తోంది. నన్ను చూసి పార గోడకు ఆనించింది. పుదీనా సంగతి అడగ్గానే తల వంచుకుంది. ముందు నీళ్ళు తాగానంది, తర్వాత సగం తాగానంది. యాకమ్మ పుదీనా చచ్చిపోయిందని చెప్పాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"తీజ్ ఉంటి అన్నా" అంది.

తీజ్ అంటే తండా ఆడపిల్లల పండుగ. శ్రావణంలో పెళ్ళికాని పిల్లలు వెదురు బుట్టల్లో గోధుమలు మొలకేసి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలక ఎంత పచ్చగా, ఎంత ఎత్తుగా లేస్తే అంత మంచి మొగుడు వస్తాడంటారు. ఆ తొమ్మిది రోజులు ఉప్పు, కారం, మాంసం ముట్టరు. అఖిల క్యాంపులో ఉన్నా ఆమె పేరు మీద తండాలో బుట్ట ఉంది. నీళ్ళు చిన్నాయన బిడ్డ పోసింది. నిష్ఠ మాత్రం ఈమెది.

"సారుకు చెప్తే తిడుతడు. ఉప్పు లేకుంట ఎట్ల ఉరుకుతవ్ అని పరేషాన్ చేస్తడు. అందుకే సీసా తీస్కొని, ఎవ్వలు జూడకుంట పారవోసిన" అంది. ఆ తర్వాత తల ఎత్తి, "ఉప్పు తినకుండనే గెలిచిన అన్నా" అంది. ఆ గర్వం చూస్తే ముచ్చటేసింది.

ఏం తిన్నావని అడిగాను. పాలు, అన్నం, అరటిపండ్లు, బెల్లం. ఇంకా? ఏమీ లేదు. ఢిల్లీ వాళ్ళకు రాసిచ్చిన కాగితంలో కూడా ఇవే రాసిందట. ఎప్పుడో మింగిన జ్వరం గోలీ పేరు కూడా వదలకుండా రాసిందట. ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే జవాబు. అబద్ధం చెప్పే ముఖం కాదు. నా తల గోడకు కొట్టుకోవాలనిపించింది. పొద్దున యుగేందర్ అడిగిన ప్రశ్న చెవిలో దోమలా తిరుగుతోంది.

తుల్సీబాయి చాయ్ తెచ్చిపెట్టింది. మా మాటలు వింటూ, బిడ్డ ఆ రోజుల్లో ఎంత చిక్కిపోయిందో చెప్పుకుని బాధపడింది. మేరామ తల్లి ప్రసాదం కూడా కడుపునిండా తిన్నదో లేదో అంది.

"ఏం ప్రసాదం?" అన్నాను.

అఖిల నావైపు వింతగా చూసింది. కొంచెం కోపంగా కూడా.

"అది తిండి గాదు గదన్నా. ప్రసాదం."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆ పిల్లను తప్పు పట్టలేను. మా అమ్మ ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని చెప్పి, గుళ్ళో పెట్టిన పులిహోర దొప్పెడు తినేది. ఉపవాసం ఎందుకు చెడుతుంది, అది ప్రసాదం కదా అనేది. దేవుడి ముందు పెట్టింది మనం తిన్న లెక్కలోకి రాదు. దాన్ని అనుమానించాలన్న ఆలోచన కూడా రాదు. పెట్టినవాడెవడో ఆ సంగతి తెలిసే పెట్టాడు.

మెల్లగా ఒక్కొక్కటే అడిగాను. తీజ్‌లో ఏడోరోజు సాయంత్రం రొట్టెలు చేసి, నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చుర్మో చేస్తారు. తమ దేవత మేరామ తల్లికి పెట్టి అందరూ పంచుకుంటారు. క్యాంపులో ఉన్న అఖిల కోసం తుల్సీబాయి స్టీలు డబ్బాలో పోసి పెద్ద కూతురు భాగ్య చేతికిచ్చింది. భాగ్యను మహబూబాబాద్‌లో ఇచ్చారు. అల్లుడు కృష్ణకు అక్కడ జిమ్ము ఉంది. భాగ్య డబ్బా తన ఇంటికి తీసుకుపోయి, మర్నాడు రైలెక్కి జనగామ వచ్చి చెల్లెలికి ఇచ్చింది. ఆ మర్నాడే పోటీ.

"ఎట్లుండె ప్రసాదం?"

"మస్తుండె. రెండు లడ్డూలు. అక్క ముందటనే తిన్న" అంది అఖిల.

తుల్సీబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "లడ్డూలేంది? నేను పొడిపొడిగ పోసిచ్చిన. తల్లికి పెట్టినంక మల్ల పిసుకుతరా ఎవలన్న?"

దారిలో పాడవకుండా అక్క ముద్ద చేసిందేమో అని అఖిలే అంది. అవును కావచ్చు అని నేనూ అన్నాను. బైకు తిప్పుకుంటుంటే ఆ పిల్ల నన్నే చూస్తూ నిలబడింది. నా జవాబు నమ్మినట్టు లేదు.

మహబూబాబాద్‌లో జిమ్ము ముందు బైకు ఆపేసరికి నా వెనకే తెల్ల కారు ఆగింది. తొర్రూరు నుంచి వెంటబడ్డాడట. దిగి, నల్ల కళ్ళద్దాలు తీసి, నా వెనక వస్తే దారి దొరుకుతుందని తెలుసు అన్నాడు. అది పొగడ్తో వెక్కిరింపో తెలియలేదు.

"లోపటికి ఇద్దరం పోదామన్నా. జిమ్ముల గోలీలు అమ్ముతడని ఈ కృష్ణ మీద నాకు ముందే డౌటున్నది."

"నువ్వు ఈడనే ఉండు. నీ ఫోను జూస్తే ఆమె నోరు తెరువది."

మాట సబబుగానే ఉంది. అసలు కారణం వేరు. ఆ మాట ముందుగా నా చెవిలోనే పడాలి. వాడి చానల్లో కాదు, నా చెవిలో. వాడు కారు బానెట్ మీద కూర్చొని చేతులు కట్టుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి జిమ్ములో ఎవరూ లేరు. కృష్ణ చేతులు నా తొడలంత ఉన్నాయి, మాట మాత్రం మెత్తన. అఖిల కేసు గురించి వచ్చానంటే, పాపం అని, భాగ్య వెనక గదిలో ఉందని చూపించి ముందుకు వెళ్ళిపోయాడు. వెనక గదిలో గోడ పొడుగునా పౌడరు డబ్బాలు. భాగ్య కింద కూర్చొని ఇనుప గుండ్లను తడిగుడ్డతో తుడుస్తోంది. సన్నటి మనిషి. నాకు స్టూలు వేయడానికి లేచి నడిస్తే అడుగు చప్పుడు కాలేదు. పరుగెత్తేవాళ్ళ నడక అది.

నేను గోలీల గురించి అడగలేదు. లడ్డూల గురించి అడగలేదు. తలుపులోంచి, ముందు గది అవతల ఆగిన కారు చూపించాను.

"ఆ బానెట్ మీద కూసున్నోడు కనబడుతున్నడా బిడ్డా? వానికి పని నేర్పింది నేనే. ఇయ్యాల వాని పేరు చెప్తే అందరు లేచి నిలబడుతరు. నా పేరు చెప్తే ఏ సంజీవ అంటరు. వాడు కనబడ్డప్పుడల్ల వాని కారు ఏ లారీ కిందనన్న పడాలె అనుకుంట. వాడు నాకు ఏం జెయ్యలే. అయినా అనుకుంట."

భాగ్య చేతిలో గుడ్డ ఆగింది. పాము కాళ్ళు పామే ఎరుగునంటారు. నా ముఖంలో ఆమె ఏం చూసిందో, ఎదురుగా కూర్చుంది.

మాటలు మెల్లగా వచ్చాయి. ఇద్దరిలో ముందు పరుగెత్తింది తానే. బడిలో, మండలంలో, జిల్లాలో తనే మొదటిది. అఖిలకు పరుగులో ఊపిరి పట్టడం నేర్పింది తానే. పెళ్ళి కుదిరిందని బాపు పరుగు మాన్పించాడు. అదే ఏడాది అఖిలను మొండయ్య క్యాంపుకు తీసుకున్నాడు. పెళ్ళయింది కాబట్టి తీజ్ బుట్ట కూడా లేదు. ఈ శ్రావణంలో తండాకు పోతే, ఇంటి దగ్గర కూడా లేని చెల్లెలి బుట్ట అందరి బుట్టలకంటే ఎత్తుగా లేచి ఉంది. ఆడవాళ్ళంతా దాన్ని చూసి మురిసిపోయారు.

"అందరు నన్ను అఖిల వాళ్ళ అక్క అంటరు. నా పేరు ఎవ్వలకు యాదికి లేదు అన్నా. నా ఉరుకుడు దాని కాళ్ళల్లకు పోయింది. అది గెలిచినప్పుడల్ల ఈడ" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది, "మండుతది. నా చెల్లె అని తెలుసు. అయినా మండుతది."

"రెండు లడ్డూలల్ల కలిపినవా?"

"రెండిట్ల." ఆగింది. "పరీక్షోళ్ళకు ఢిల్లీకి ఫోన్ జేసి పిలిచింది గూడ నేనే."

నేను నాలుగు ఊళ్ళు తిరిగి, మట్టి నాకి పట్టుకున్న నిజం ఇంత మామూలుగా బయటికి వచ్చింది. గెలిచానన్న సంతోషం కలగాలి. కలగలేదు. ఆమె కళ్ళలోకి చూడలేక డబ్బాల వైపు చూశాను. గోలీలు మొగుడి అరలోంచి తీసి ఉంటుందనుకున్నాను. అడగలేదు. రేపు విచారణలో ఈ మాటే చెబితే చెల్లెలు బతుకుతుందని చెప్పబోతుండగా నా ఫోను మోగింది. అఖిల. అక్క కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"అన్నా, ఇగ తిరగకు. అయిపోయింది" అంది ఆ పిల్ల. గొంతు బొంగురు పోయింది. "నేనే తిన్న అని రాసి సంతకం పెట్టిన."

"ఎవలు పెట్టమన్నరు?"

"సారు వచ్చిండు తండాకు. కేసు లోపల్కి పోతే అక్కను పోలీసోళ్ళు తీస్కపోతరట. బావ ఇంట్ల ఉంచుకోడట. ఒప్పుకుంటే నాకు ఒక ఏడాది తగ్గుతదట. మూడేండ్లే గద అన్నా. సారు ఫోటో తీసి ఢిల్లీకి పంపిండు. హైదరాబాద్ పోతున్నం, సారు కారులనే ఉన్న. అక్కను ఏమనకు."

చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి, కానీ ఒక ప్రశ్న వాటన్నిటికీ అడ్డం పడింది. భాగ్య సంగతి నాకే ఇప్పుడిప్పుడు తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు, బయట కూర్చున్న యుగేందర్‌కు కూడా. మరి మొండయ్యకు ఎట్లా తెలుసు?

తెలిసే దారి ఒక్కటే, ఆ పనిలో ఆయన చెయ్యి కూడా ఉండాలి. పొద్దున సింధూజ మీద నేరం నిలబడి ఉన్నంతసేపు ఆయనకు భయం లేదు. ఆ నేరాన్ని యుగేందర్ ముఖం చూసి ఆనందించడం కోసం నేను ఆయన కళ్ళముందే పడగొట్టాను. ఎటు పోతున్నానో కూడా చెప్పాను. నేను అటు నుంచి కదలగానే ఆయన తండాలో దిగాడు. అఖిల చేత ఆ సంతకం పెట్టించింది సగం ఆయన, సగం నా కుళ్ళు.

"గోలీలు నీకు ఎవలిచ్చిండ్రు?" అన్నాను.

భాగ్య ఫోను వైపే చూస్తోంది. "సారే. అది ఆయన చేతికెల్లి తింటలేదు. నువ్వు ఇస్తే తింటది అన్నడు. ఇంత చిన్న పోటీకి పరీక్షోళ్ళు రారు, ఇది తింటే గెలుస్తది అన్నడు. ఇది తిన్నోళ్ళు పరీక్షల దొరుకుతరని మా ఆయన ఎవలితోనో అంటుంటే నేను విని ఉంటి. రెండు మాటలు నా కాడ ఉండె. నేను రెండోదాని కోసమే, అది దొరకాలనే కలిపిన."

"ఆ పిల్ల నీ కోసం సంతకం పెట్టింది" అన్నాను. నాకు కోపం ఆగలేదు. "మూడేండ్లు. ఉద్యోగం గూడ పోయె. ఇగ నీ గుండె సల్లవడ్డదా?"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముఖమంతా ఎర్రబడింది. చేతిలోని తడిగుడ్డను గోడకేసి కొట్టింది.

"ఇందుల గూడ అదే గెలిచింది గదన్నా" అంది. "నేను ముంచితె అది నన్ను కాపాడింది. ఇగ సచ్చేదాక అందరు దాన్నే దేవత అంటరు. నేను అఖిలను ముంచిన అక్కను." లేచి కొంగు నడుముకు బిగించింది. "కానియ్య. రేపు నేనొస్త. సారు గోలీలిచ్చిండు, నేను కలిపిన అని అందరి ముందట చెప్త. దాన్ని ఒక్కదాన్నే మంచిదాన్ని కానియ్య."

ప్రేమ చేయలేని పని కుళ్ళు చేయబోతోంది. నాకు నవ్వాలో మొక్కాలో తెలియలేదు. సంతకాన్ని కొట్టేయగలిగిన మాట ప్రపంచంలో ఇదొక్కటే. ఆ మాట ఇప్పుడు నా చేతిలో ఉంది.

నా చేతిలో ఫోను కూడా ఉంది. వేలితో కట్ చేయబోయి ఆగాను. కాల్ ఇంకా నడుస్తోంది.

అటు నుంచి అఖిల మాట లేదు. కారు హారను ఒకసారి వినబడింది. దగ్గరగా ఎవరో గొంతు సవరించుకున్నారు. అది అరవై దాటిన మగగొంతు. తర్వాత అటు నుంచే కాల్ తెగిపోయింది.

మేం ఒకరినొకరం చూసుకునేలోపు ముందు గదిలో కృష్ణ ఫోను మోగింది. "ఆ, చెప్పుండ్రి సార్" అన్నాడు అతను. తర్వాత అటు చెప్పేది వింటూ ఊ కొట్టాడు. మధ్యలో ఒకసారి, అదే మెత్తటి గొంతుతో, "ఇద్దరూ లోపల్నే ఉన్నరు" అన్నాడు.

మొండయ్యకు ఆ గోలీలు ఎక్కడి నుంచి వచ్చాయని నేను అడగనే లేదు. యుగేందర్ బయట చెప్పాడు, గోలీలు అమ్ముతాడని కృష్ణ మీద ముందే అనుమానం ఉందని. వాడు చెప్పాడు కాబట్టే నేను చెవిన పెట్టలేదు.

భాగ్య నా ముందుకు వచ్చి నిలబడింది. ముందు గదిలో ఇనుప షట్టరు గరగరమంటూ కిందికి దిగుతోంది. వెలుతురు మోకాళ్ళ ఎత్తుకు వచ్చింది. ఆ సందులోంచి తెల్ల కారు చక్రాలు, పక్కన వాడి మెరిసే బూట్లు కనబడుతున్నాయి. నా ఒక్కడి ప్రాణమే అయితే ఆలోచించేవాణ్ణేమో.

ఊపిరంతా కూడదీసుకుని, నా జీవితంలో మొదటిసారి వాడి పేరు పెట్టి సాయం కోసం అరిచాను.